చీనప్ప నేర్పిన రాత

మాణిక్యప్పకు చదువు రాదన్న సంగతి నారాయణఖేడ్‌లో చాలామందికి తెలియదు. ఊళ్లో సగం ఇళ్లలోని బిందెల మీదా చెంబుల మీదా పేర్లు చెక్కింది ఆయనే. పటేళ్లకు కాగితాల మీద ఒత్తే ఇత్తడి మొహర్లు, కళ్లంలో జొన్నరాశి మీద ఒత్తే కొయ్య ముద్రలు చేసేదీ ఆయనే. పొద్దంతా అక్షరాలతో గడిపే మనిషికి అక్షరాలు రావని ఎవరు అనుకుంటారు?

ఆయన పని తీరు వేరు. ఎవరైనా పేరు రాయించి తెచ్చిన కాగితం ముక్కను ఎదురుగా పెట్టుకునేవాడు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, ఒక్కో వంపునూ చూసి ఇత్తడి మీదికి దించేవాడు. ముద్ర అయితే తిరగేసి చెక్కాలి. అప్పుడే ఒత్తితే తిన్నగా పడుతుంది. తెలుగైనా ఉర్దూ అయినా కన్నడమైనా ఆయనకు ఒకటే. బీదరులో మేనమామ దగ్గర ఎనిమిదేళ్లు వెండి చెక్కుడు పని నేర్చిన చెయ్యి అది. ఆ పనివాళ్లు సన్న ఉలిని కలం అంటారు. మాణిక్యప్పా అలాగే అనేవాడు. సంగమ్మను చేసుకుని అత్తగారి ఊరికి వచ్చి ఇరవై నాలుగేళ్లయినా ఆ మాట మారలేదు.

1936లో శ్రావణం వానలు వారం రోజులు తెరపి లేకుండా పడ్డాయి. ఎనిమిదో రోజు పొద్దున మనూరు బీరప్ప ఎడ్లబండి మాణిక్యప్ప ఇంటి ముందు ఆగింది. బండి మీద ఒక సైకిల్, తడిసిన పెద్ద బట్టల మూట, ఆ మూటకు ఆనుకుని ఒక కొత్త మనిషి. పసుపుపచ్చని ముఖం, చిన్న కళ్లు, గడ్డం మీద నాలుగే వెంట్రుకలు. నొప్పికి పళ్లు బిగబట్టి ఉన్నాడు.

"ఓ మాణిక్యప్పా, జర బయటికి రా!" అని కేకేశాడు బీరప్ప. రెండొందల గొర్లు, ముప్ఫై ఎకరాల నల్లరేగడి ఉన్న మనిషి. గొంతు కూడా అంతే పెద్దది. "గీయన నాగల్‌గిద్ద బాటల పడి ఉండె. సైకిల్ బురదల దిగబడ్డది, కాలు మడత పడ్డది. ఏం చెప్తుండో నాకైతే సమజైతలేదు. బీదర్ల ఉన్నోనివి, నీకైతే తెలుస్తదని తెచ్చిన."

ఆ మనిషికి హిందుస్తానీ ముక్కలు ముక్కలుగా వచ్చు. తన పేరు మెంగ్ అనీ, చీనా దేశంలో షాన్‌తుంగ్ అనే చోటు నుంచి వచ్చాననీ, ఊరూరా తిరిగి పట్టుబట్టలు అమ్ముకుంటాననీ చెప్పాడు. అలా పట్టు మూటలతో తిరిగే చీనావాళ్లను మాణిక్యప్ప చిన్నప్పుడు బీదరు అంగడిలో ఒకసారి దూరం నుంచి చూశాడు. దగ్గరగా చూడడం ఇదే.

ఎముకలు కట్టే ముసలాయన వచ్చి చీలమండ పట్టి చూశాడు. వెదురుబద్దలు వేసి కట్టు కట్టి, నలభై రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు.

"నలభై రోజులా?" అన్నాడు మాణిక్యప్ప, భార్య వైపు చూసి.

"నా మొకం చూస్తవేంది? వసారాల నులకమంచం ఉన్నది కద," అంది సంగమ్మ. "రొట్టె తింటడా అడుగు."

తింటానని ఆ మనిషి తలూపాడు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెడితే రెండు రొట్టెలు తిని మూడోది అడిగాడు. అంతటితో సంగమ్మకు అతను నచ్చాడు. మెంగ్ అన్న పేరు ఆమె నోట పలకలేదు. చుట్టుపక్కల బీరప్పలు, శంకరప్పలు, కిష్టప్పలు ఉండగా చీనావాడు మాత్రం అప్ప ఎందుకు కాడు? సాయంత్రానికల్లా వీధి వీధంతా అతన్ని చీనప్ప అంది.

చీనప్ప మంచం మీంచే నాలుగు రోజులు మాణిక్యప్ప పనిని చూశాడు. మాట్లాడకుండా, ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేవాడు. అయిదో రోజు మాణిక్యప్ప ఒక బిందె మీద పేరు చెక్కడం ముగించి గుడ్డతో తుడిచాడు.

"చెయ్యి చాలా మంచిది," అన్నాడు చీనప్ప. "ఇది ఏం అంటది?"

"ఏంది?"

"ఈ అక్షరాలు. ఏం పేరు?"

మాణిక్యప్ప లోపలికి చూశాడు. సంగమ్మ పొయ్యి దగ్గర ఉంది. "నాకు తెల్వది," అన్నాడు మెల్లగా. "వాళ్లు రాసిచ్చిన్రు. నేను కొట్టిన."

చీనప్ప తను సరిగ్గా వినలేదనుకున్నాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు వచ్చింది. అతను బిందెను ఒళ్లో పెట్టుకుని అక్షరాల మీద వేలితో రాసి చూశాడు. తర్వాత మూట విప్పించి, అడుగు నుంచి ఒక తోలు సంచి తీశాడు. అందులో చూపుడువేలంత పొట్టి ఉక్కు చాకు ఉంది. రెండు వైపులా పదును, పిడికి నూలుదారం చుట్టి ఉంది. పక్కనే ఒక కుంచె, నల్ల సిరా కడ్డీ, మూతపెట్టిన చిన్న పింగాణీ డబ్బా.

"మా నాయిన రాతి ముద్రలు చెక్కేటోడు," అన్నాడు. "ఇది ఆయన చాకు. నేనూ చెక్కిన. పట్టు అమ్ముడు మొదలుపెట్టినంక ఆరేండ్లు దీన్ని ముట్టలే."

"రాతి ముద్రలా? రాయి పలగదా?"

"మెత్త రాయి. మీ దగ్గర ఉన్నదా?"

మెత్తరాయి కోసం ఎక్కడికో పోవాల్సిన పని పడలేదు. పులుసు కాచే రాచిప్ప ఒకటి నిరుడు పగిలితే సంగమ్మ పెంకులను దొడ్లో పడేయకుండా గూట్లో పెట్టింది. బలపంలాంటి ఆ రాయి గోరుతో గీస్తే గీత పడుతుంది. చీనప్ప మందంగా ఉన్న ముక్కను ఎంచుకుని, గడప బండ మీద నీళ్లు పోసి, నాలుగు పలకల దిమ్మగా అరగదీశాడు. రెండు రోజులు అదే పని.

"నీ పేరుకు అర్థం ఏంది?" అని అడిగాడు మూడో రోజు.

"మాణిక్యం. ఎర్రగ మెరిసే రాయి."

చీనప్ప నవ్వాడు. సిరా కడ్డీని నీళ్లలో అరగదీసి కుంచె ముంచాడు. మాణిక్యప్ప అతను చాకు తీస్తాడని ఎదురుచూస్తున్నాడు. అతను మాత్రం ఒక కాగితం మీద మాణిక్యం అనే అర్థం వచ్చే రెండు చీనా అక్షరాలను రాస్తూ కూర్చున్నాడు. ఒకసారి రాసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ రాశాడు. ఒక గీతను కాస్త లావు చేశాడు, ఒకదాన్ని పక్కకు జరిపి దాని నీడన ఖాళీ వదిలాడు. సంగమ్మ మధ్యాహ్నం అన్నానికి పిలిచేవేళకు ఇరవైసార్లు రాసి ఉంటాడు.

"ఇంకా చెక్కుడు మొదలు పెట్టలేదా?" అంది ఆమె.

"అయిపోయింది," అన్నాడు చీనప్ప. "చెక్కుడు ఇగ సగం గంట పని."

నిజంగానే అంతే పట్టింది. అక్షరాలను రాతి మీద తిరగేసి కుంచెతో రాసి, చుట్టూ ఉన్న రాయిని చాకుతో తోసి తీసేశాడు. సుత్తి లేదు. చాకు రాతి మీద కరకరమంటూ నడిచింది. కాని పింగాణీ డబ్బా మూత తీస్తే అందులోని ఎర్ర ముద్ద ఎండి గట్టిపడి ఉంది. ఇంగిలీకం అనే ఎర్రరాతిని నూరి, ఆముదంలో కలిపి, పట్టుపోగులతో పిసికి చేసే ముద్ద అదని చెప్పాడు. ఆముదం అనగానే సంగమ్మ లేచింది. ఇంట్లో వండిన ఆముదం కుండనిండా ఉంది. చీనప్ప మూటలోంచే పట్టుపోగులు లాగి, ఆముదం చుక్కచుక్కగా పోసి, ఆమే ఆ ఎండిన ముద్దను రోట్లో వేసి మెత్తగా చేసింది. ఆ సాయంత్రం తెల్లకాగితం మీద ముద్ర ఒత్తితే కుంకుమలాంటి ఎర్రని అక్షరాలు రెండు పడ్డాయి.

మాణిక్యప్ప ఆ కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. అవి ఏ అక్షరాలో ఆయనకు తెలియదు. కాని వాటిలో తన చెక్కడంలో లేనిది ఏదో ఉంది. గీత ఒకచోట ఊపిరి పీల్చి, ఒకచోట వదిలినట్టుంది. తను చెక్కేవి ఇంతకంటే నున్నగా ఉంటాయి, అంచులు ఇంతకంటే తిన్నగా ఉంటాయి. అయినా అవి ఇలా కనిపించవు.

"ఎట్ల వచ్చింది గిది?" అన్నాడు.

"కలమ్ పహలే. చాకూ బాద్ మే," అన్నాడు చీనప్ప. "ముందు కలం. తర్వాత చాకు."

"గిదే నా కలం," అన్నాడు మాణిక్యప్ప ఉలి చూపించి, కొంచెం మొండిగానే.

"అది చాకు," అన్నాడు చీనప్ప. "మా దగ్గర రాయనోడు చెక్కడు. నువ్వు గీతకు రెండు గట్లు చూస్తవ్. రాసేటోడు గట్లు చూడడు. నడుమ నడుస్తడు."

ఆ మాట మాణిక్యప్పకు నచ్చలేదు. ఇరవై నాలుగేళ్లుగా తన పనికి వంక పెట్టినవాడు లేడు. ఇవాళ మంచం మీద కూర్చుని తన ఇంటి రొట్టె తింటున్న మనిషి వంక పెట్టాడు. "మన పని మనది, వాళ్ల పని వాళ్లది," అన్నాడు భార్యతో.

వారం గడిచింది. బీరప్ప మళ్లీ వచ్చాడు. ఈసారి బండిలో కాదు, నడుచుకుంటూ, చేతిలో ఒక ఉత్తరం పట్టుకుని వచ్చాడు. అతను దగ్గరపడక ముందే గొంతు వినిపించింది.

"మాణిక్యప్పా! నన్ను ఆడిదాన్ని చేస్తివి గద!"

జరిగింది ఇదీ. బీరప్పకు కాగితాల మీద వేలిముద్ర వేయడం నామోషీ. అందుకని ఎండాకాలంలో ఒక ఇత్తడి మొహరు చేయించుకున్నాడు. పేరు రాసిచ్చిన గుమాస్తా ఏదో తొందరలో గిలికి ఇచ్చాడు. మాణిక్యప్ప దాన్ని ఉన్నదున్నట్టు చెక్కాడు. బీరప్ప మొదటిసారిగా ఆ మొహరు వాడింది ఆ వారమే. సిర్గాపూర్‌లో కూతురికి సంబంధం కుదిరేలా ఉంటే, ఉత్తరం రాయించి, కింద దర్జాగా ముద్ర ఒత్తి పంపాడు. వాళ్లు చదివించుకుంటే కింద ఉన్న పేరు బీరవ్వ.

"ఎవలీ బీరవ్వ, ఇంట్ల మొగోళ్లు లేరా అని అడగవట్టిన్రు," అన్నాడు బీరప్ప. "నేనే పోయి, నేనే బీరవ్వనని చెప్పుకున్న. సంబంధం పోలేదు తియ్యి, నవ్వుకున్నరు. కాని నువ్వు చెక్కేటప్పుడు చూసుకోలేదా? 'ప'కు 'వ'కు ఫరక్ తెల్వదా నీకు?"

మాణిక్యప్ప చేతిలోని ఉలిని కింద పెట్టాడు. పక్క ఇంటివాళ్లు గొంతు విని బయటికి వచ్చారు. గుమాస్తా మీదికి నెట్టేయొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కాని చీనప్ప చిన్న కళ్లు తననే చూస్తున్నాయి.

"తెల్వది బీరప్పా," అన్నాడు. "నాకు సదువు రాదు. ఎవలేం రాసిస్తే గది కొడుత. అంతే."

బీరప్ప అంత పెద్ద గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "ఓరి నీ... నాకు గూడ రాదు లే," అన్నాడు చివరికి, మంచం అంచున కూలబడి. "ఇద్దరం గట్లనే ఉన్నం. మూడు నెల్ల సంది ఆ మొహరు చూస్తున్న, నాకు మాత్రం తెలిసిందా?"

మొదట నవ్వింది సంగమ్మ. తర్వాత బీరప్ప నవ్వాడు. ఏమి జరిగిందో చీనప్పకు మాణిక్యప్పే హిందుస్తానీలో చెప్పాల్సి వచ్చింది. చెబుతూ చెబుతూ ఆయనకూ నవ్వు వచ్చింది. చీనప్ప కళ్లనీళ్లు తుడుచుకుని, తన నాయిన కూడా ఒకసారి ఒక పెద్ద అధికారి పేరులో ఒక గీత మరిచాడనీ, ఆ అధికారి పేరుకు 'పిల్లి' అని అర్థం వచ్చిందనీ చెప్పాడు. అది నిజమో, మాణిక్యప్ప మనసు తేలిక చేయడానికి అల్లిందో ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున మాణిక్యప్ప పని ముట్టలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"గా పంతులమ్మ సాయంత్రం మన వాడకెల్లే పోతది కద?"

"గ్రేసమ్మనా? ఔ. ఎందుకు?"

"ఒకపారి పిలువు. నా వయసు చూసి నవ్వుతదేమో."

గ్రేసమ్మ జహీరాబాదు వైపు నుంచి వచ్చిన మనిషి. మిషన్ బడిలో చదువుకుంది. ఊరి చివర ఒక పెంకుటింట్లో చిన్న బడి నడిపేది. ముప్ఫై ఏళ్లుంటాయి. సంగతి విని ఆమె నవ్వలేదు.

"అన్నా, నీ చెయ్యితోని ఇప్పటికే లక్ష అక్షరాలు చెక్కి ఉంటవు," అంది. "వాటి పేర్లు తెల్వదు, అంతే కద. చెప్తే అయిపోతది."

ఆ సాయంత్రమే మొదలైంది. బడి ముగించి ఇంటికి పోతూ ఆమె ఓ గంటసేపు వసారాలో ఆగేది. రాయడానికి పలక వద్దన్నాడు చీనప్ప. మేక వెంట్రుకలు కావాలన్నాడు. కబురు అందగానే బీరప్ప మేకల చెవుల దగ్గరి మెత్తని వెంట్రుకలు గుప్పెడు పంపాడు. చీనప్ప వాటిని సవరించి, లక్కతో అతికించి, సన్నని వెదురు బొంగులో దిగ్గొట్టి కుంచె చేశాడు. ఇంటి ముందరి నాపరాతి బండ మీద నీళ్లతో రాయాలి. ఎండకు ఆరిపోగానే మళ్లీ రాయాలి. కాగితం అక్కర్లేదు.

మొదటి రోజు మాణిక్యప్పను చీనప్ప అక్షరం రాయనివ్వలేదు. ఒక అడ్డగీత గీయమన్నాడు. ఉలి పడితే వెంట్రుకవాసి తప్పని చెయ్యి కుంచె పడితే వణికింది. గీత పాములా వంకరలు పోయింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. తల నెరిసిన మనిషి బండ మీద బోర్లా వంగి నీళ్ల గీతలు గీస్తుంటే కొందరు నవ్వారు. మాణిక్యప్ప చెవులు ఎర్రబడ్డాయి. కుంచె పడేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి కుంచె సంగమ్మ చేతిలో ఉంది. బండ మీద ఒక గీత ఆరిపోతూ ఉంది. అది తన గీత కంటే తిన్నగా ఉంది.

"చీనప్ప చూపిస్తే గీసిన," అంది ఆమె, దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు.

"ఇటు తే," అని మాణిక్యప్ప కుంచె లాక్కున్నాడు. ఆ తర్వాత మళ్లీ దాన్ని పడేయలేదు.

ముగ్గురూ కలిస్తేగాని ఆ పాఠం నడిచేది కాదు. గ్రేసమ్మకు అక్షరాలు వచ్చు, కుంచె రాదు. చీనప్పకు కుంచె వచ్చు, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఆమె 'అ' రాసినప్పుడు అతను అడిగేవాడు: "చెయ్యి ఎక్కడ మొదలైతది? ఎక్కడ ఒత్తుతది? ఎక్కడ లేస్తది?" గ్రేసమ్మ కూడా అంతదాకా అది ఆలోచించలేదు. మళ్లీ మెల్లగా రాసి చూపేది. మాణిక్యప్ప నుదురు కొట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్లుగా ఆ అక్షరాన్ని తోక నుంచి తలవైపు చెక్కుతున్నాడు.

"కాళ్లు పైకి పెట్టి నడిచినట్టున్నది నా పని," అన్నాడు.

"మరి నడిచినవ్ కద!" అన్నాడు చీనప్ప మెచ్చుకోలుగా.

భాద్రపదం వచ్చింది. జొన్న మోకాలెత్తు లేచింది. మాణిక్యప్పకు అక్షరాలు ఒకటొకటిగా పేర్లతో పరిచయమయ్యాయి. పాత స్నేహితులను ఇన్నాళ్లకు పేరు పెట్టి పిలిచినట్టు ఉండేది. 'ప'కు నెత్తి మీది తలకట్టు విడిగా ఉంటుంది, 'వ'కు కలిసిపోతుంది. ఆ రెండింటినీ బండ మీద పక్కపక్కనే ఒక రోజంతా రాశాడు. చీనప్ప ఆ రెండు అక్షరాలు మాత్రం తనూ నేర్చుకున్నాడు.

చదవడం వచ్చాక ఒక వింత కష్టం వచ్చిపడింది. ఊళ్లో ఏ ఇంటికి పోయినా కళ్లు బిందెల మీదికే పోయేవి. శంకరమ్మ అనే ఆమె ఇంట్లో గంగాళం మీద సున్నా ఎగిరిపోయి శకరమ్మ అని ఉంది. పుష్పమ్మ చెంబు మీద ఒత్తు తప్పిపోయి పుషమ్మ అయింది. ఒక ఇంట్లోనైతే గుమాస్తా రాసిచ్చిన కాగితం మీది సిరా మరకను కూడా శ్రద్ధగా చెక్కి ఉన్నాడు. మాణిక్యప్ప సిగ్గుతో పుష్పమ్మ ఇంటికి వెళ్లి, చెంబు ఇవ్వమని, సరిచేసి ఇస్తానని అన్నాడు.

"వద్దు వద్దు," అంది పుష్పమ్మ చెంబును వెనక్కి లాక్కుని. "గది నా పెండ్లి చెంబు. అట్లనే గుర్తు పడుత నేను. నువ్విప్పుడు ఇంకోటి చెక్కితే అది నాది కాదు."

ఆ మాట విన్నాక మిగతా ఇళ్లకు వెళ్లడం మానేశాడు. బీరప్ప మొహరు మాత్రం మళ్లీ చేయాలని పట్టుబట్టాడు. ఈసారి ఎవరి కాగితం ముక్కా అడగలేదు. రెండు రోజులు బీరప్ప పేరును రాస్తూ కూర్చున్నాడు, మొదట నీళ్లతో, తర్వాత సిరాతో. 'బీ' మీది గుడికీ, 'ప' కింది ఒత్తుకూ నలిగిపోకుండా చోటు చూసుకున్నాడు. 'ర' సన్నగా ఉంటే పక్కనున్న 'ప్ప' లావుగా కూర్చుంటుందని గమనించాడు. గొర్లమంద మధ్యలో గొంగడి కప్పుకుని నిలబడ్డ బీరప్పలా ఉంది ఆ 'ప్ప'. చీనప్ప దాన్ని అడ్డంగా, నిలువుగా తిప్పి చూసి, ఒక్కచోట వేలు పెట్టాడు. "ఇక్కడ గాలి ఆడతలేదు." మాణిక్యప్ప అక్కడ కాస్త ఖాళీ వదిలి మళ్లీ రాశాడు. అప్పుడు చీనప్ప తలూపాడు.

ఇత్తడి మీద తిరగేసి రాసి ఉలి పట్టాడు. సుత్తి దెబ్బ దెబ్బకూ చెయ్యి అంచుల వెంట కాకుండా, రాసిన దారిలో నడిచింది. పని అయ్యాక సంగమ్మ ఎర్ర ముద్ద తెచ్చింది. మొహరును ఒత్తింది బీరప్పే. కాగితం పైకెత్తి, తనకు చదవడం రాదు కాబట్టి గ్రేసమ్మకు ఇచ్చాడు.

"బీరప్ప," అని చదివింది గ్రేసమ్మ.

"మళ్లొకపారి చదువు."

"బీరప్ప."

"మొగోడే కద?"

"మొగోడే అన్నా."

బీరప్ప కాగితాన్ని తలపాగాలో మడిచి పెట్టుకున్నాడు. తర్వాత మూడిళ్లలో ఆగి, తలపాగా తీసి, దాన్ని చూపించుకుంటూ ఊరు దాటాడు. సిర్గాపూర్ సంబంధం దసరాకు ఖాయమైంది. వియ్యంకుడు శంకరప్ప మాత్రం జీవితాంతం అతన్ని ఎదురుపడినప్పుడల్లా "బీరవ్వా, మంచిగున్నవా?" అనే పలకరించాడు. బీరప్పకు అది కోపం తెప్పించలేదు. పెద్ద గొంతుతో "ఆఁ, ఉన్ననవ్వా!" అనేవాడు.

నలభై రోజులనుకున్నది యాభై అయ్యింది. చీనప్ప కాలు బాగుపడింది, బాటలు ఆరాయి. పట్టు మూటలో సగం ఈ వీధి ఆడవాళ్లే పంచుకున్నారు. బయలుదేరే రోజు పొద్దున అతను తోలు సంచి విప్పి, నాయిన చాకును చాలాసేపు చూశాడు. అది తనకు ఇస్తాడేమోనని మాణిక్యప్ప భయపడ్డాడు. అంత పెద్ద వస్తువును పుచ్చుకోవడం ఎలాగో ఆయనకు తెలియదు.

చీనప్ప చాకును మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

"ఇయ్యాలనుకున్న," అన్నాడు. "కాని ఇక్కడ మళ్ల చెక్కినంక నాకే కావాలనిపిస్తున్నది. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడ ఒకటి చెక్కుత. రాచిప్ప ముక్కలు ఇంకా ఉన్నయా?"

"మంచి పని," అన్నాడు మాణిక్యప్ప తేలిగ్గా ఊపిరి వదిలి. సంగమ్మ గూట్లోని పెంకులన్నీ గుడ్డలో కట్టి ఇచ్చింది. జొన్నరొట్టెలు, పచ్చికారం, ఒక సీసాలో ఆముదం కూడా కట్టింది. చీనప్ప తన కుంచెను, సగం అరిగిన సిరా కడ్డీని మాణిక్యప్ప చేతిలో పెట్టాడు. కౌగిలించుకోవడం ఇద్దరికీ అలవాటు లేదు. చీనప్ప రెండు చేతులూ జోడించి వంగాడు. మాణిక్యప్పా అలాగే వంగాడు. సైకిల్ బీదరు బాట పట్టింది. పిలిస్తే వినపడేంత దూరం దాకా సంగమ్మ "కాలు జాగ్రత్త!" అని అరుస్తూనే ఉంది.

అతను మళ్లీ రాలేదు. మరుసటేడు చీనా మీద యుద్ధం వచ్చిందని అంగట్లో విన్నప్పుడు మాణిక్యప్ప ఆ రోజంతా పని చేయలేకపోయాడు. కొన్నాళ్లకు బొంబాయి నుంచి ఒక కార్డు వచ్చింది. ఎవరి చేతనో ఉర్దూలో రాయించాడు. తాను బొంబాయిలోనే ఆగిపోయాననీ, పట్టు అమ్మడం తగ్గించి ఒక చిన్న దుకాణంలో ముద్రలు చెక్కుతున్నాననీ, రాచిప్ప రాయి అయిపోయిందనీ అందులో ఉంది. కింద ఎర్ర ముద్ర. కార్డు చదివించుకున్నాక మాణిక్యప్ప దాన్ని పదిమందికి చూపించాడు. రాయి పంపించాడు కూడా, బొంబాయి పోయే ఒక బీదరు వ్యాపారి చేతికిచ్చి.

గ్రేసమ్మ ఆ ఏడాది నుంచి ఇంకో గంట ఎక్కువ ఉండేది. వీధిలోని ఆడవాళ్లు నలుగురైదుగురు బండ చుట్టూ చేరారు. నీళ్లకు ఖర్చు లేదు కదా అనేవాళ్లు. మేక వెంట్రుకల కుంచెలు మాణిక్యప్పే చేసి ఇచ్చాడు. మొదట్లో సంగమ్మ రొట్టెలు చేస్తూ లోపల్నుంచే వినేది. తర్వాత పిండి చేతులు కడుక్కుని బయటికి వచ్చి కూర్చుంది. రెండేళ్లలో ఆమె అక్షరం భర్త అక్షరం కంటే గుండ్రంగా తిరిగింది. మాణిక్యప్ప దాన్ని ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం మనూరు నుంచి ఒక కుటుంబం పెళ్లి సామాను తెచ్చింది. అయిదు బిందెలు, రెండు గంగాళాలు. పేరు రాయించుకు రాలేదు. ఇక్కడే రాస్తారని విన్నామన్నారు. పెళ్లికూతురు పేరు ఇంద్రమ్మ. మాణిక్యప్ప సిరా అరగదీసి, కుంచె ముంచి, బిందెను ఒళ్లోకి తీసుకున్నాడు. 'ఇ' దగ్గర చెయ్యి ఆగింది. ఒకసారి రాసి తుడిచాడు. మళ్లీ రాసి తుడిచాడు.

"సంగమ్మా," అని పిలిచాడు. "గీ 'ఇ' నాకు తిన్నగ వస్తలేదు. నువ్వు రాయి."

"పెండ్లి సామాను మీదనా? నేనా?"

"నువ్వే. నీకు మంచిగ వస్తది. రాయి, నేను కొడుత."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది. బిందె కడుపు మీద నల్లని సిరాతో ఇంద్రమ్మ పేరు రాసింది. పెళ్లికూతురి తల్లి వంగి, చదవడం రాకపోయినా, చక్కగా ఉందంది. మాణిక్యప్ప సుత్తి అందుకుని, భార్య చెయ్యి మొదలైన చోటే ఉలిని ఆన్చి కొట్టడం మొదలుపెట్టాడు.